ఇంగ్లిష్‌లో పోలికలు, జాతీయాలు, మాటల చుట్టరికాలు: పిల్లలకు నేర్పడం ఎలా?

"హర్ హార్ట్ శాంక్ వెన్ షి సా ద ఎంప్టీ నెస్ట్." నాలుగో తరగతి పిల్ల ఈ వాక్యం చదివితే అందులో తెలియని మాట ఒక్కటీ ఉండకపోవచ్చు. హార్ట్ తెలుసు, సింక్ అంటే మునగడమని తెలుసు, ఖాళీ గూడు తెలుసు. అయినా వాక్యం బోధపడదు. "గుండె మునగడం ఏంటి?" అని అడుగుతుంది, లేదా అడగకుండా దాటేసి కింది వాక్యానికి వెళ్ళిపోతుంది. అడిగే పిల్లలకు ఎలాగో జవాబు దొరుకుతుంది. మనం పట్టించుకోవాల్సింది దాటేసేవాళ్ళని.

అదే పిల్ల తెలుగులో "గుండె జారిపోయింది" అని వింటే ఒక్క క్షణం కూడా ఆగదు. అంటే మాటను దాని మామూలు అర్థం దాటి పట్టుకోవడం ఆమెకు వచ్చు. ఇంగ్లిష్‌లో ఆ పని చేయవచ్చని ఎవరూ చూపించలేదు, అంతే. చాలా వర్క్‌బుక్కుల్లో జరిగేది వేరే. ముందు నిర్వచనం ఇస్తారు: "లైక్, యాజ్ ఉంటే సిమిలీ, లేకపోతే మెటఫర్." సిమిలీ అంటే మన ఉపమ, మెటఫర్ అంటే రూపకం. పిల్లలు దాన్ని బట్టీ పట్టి "షి లైక్స్ క్యాట్స్" కింద కూడా గీత గీస్తారు. "హి లుక్స్ లైక్ హిజ్ ఫాదర్" కూడా సిమిలీ కాదు. కొడుకు నిజంగానే తండ్రిలా ఉన్నాడు, అందులో అలంకారం లేదు. "లైక్" కోసం వెతకడం నేర్పితే ఈ తేడా ఎప్పటికీ పట్టుబడదు. పేర్లు చివర్లో చెప్పినా నష్టం లేదు. ముందు పని నేర్పాలి.

ఏ వయసులో ఏది అన్న ప్రశ్నకు అమెరికాలో 2010లో వచ్చిన కామన్ కోర్ (ఏ తరగతిలో ఏం రావాలో చెప్పే) ప్రమాణాల వరుస మంచి ఆధారం. అక్కడ కిండర్‌గార్టెన్‌లో వస్తువుల్ని జాతులుగా విడదీయడం, "వాక్, మార్చ్, స్ట్రట్" లాంటి నడకల తేడాను నటించి చూపడం ఉంటాయి. మూడో తరగతిలో ఉన్నదున్నట్టు చెప్పే మాటకూ అలా చెప్పని మాటకూ తేడా, నాలుగులో తేలికైన సిమిలీ, మెటఫర్, జాతీయాలు, సామెతలు, ఆరులో పర్సానిఫికేషన్ (మనుషులు కానివాటికి మనుషుల పనుల్ని అంటగట్టడం), ఎనిమిదిలో వ్యంగ్యం, శ్లేష వస్తాయి. మాటల మధ్య చుట్టరికాలు ముందు, అలంకారాలు తర్వాత. ఈ వరుస నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. "విస్పర్" మామూలుగా ఎవరు చేసే పనో తెలియని పిల్లకు "ద విండ్ విస్పర్డ్" అన్న వాక్యంలోని అందం ఎలా కనిపిస్తుంది?

మొదటి మెట్టు: తెలుగులోనే మొదలుపెట్టండి

మొదటి వారం ఇంగ్లిష్ జోలికి వెళ్ళకండి. ఇంట్లో రోజూ అనుకునే మాటల్నే పట్టుకోండి: "కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి", "ఎండ మండిపోతోంది", "ఫోన్ చచ్చిపోయింది", "వాడి బుర్ర పాదరసం". ఒక్కోదానికీ రెండు ప్రశ్నలు వేయండి: నిజంగా ఎలుకలు ఉన్నాయా? లేనప్పుడు అలా ఎందుకన్నాం?

నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండు భాగాలు చేయించండి. ఒకవైపు "అన్నది", రెండోవైపు "అనుకున్నది". పిల్లలు విన్న మాటల్ని వాళ్ళే తెచ్చి రాయాలి. రెండు భాగాల్లోనూ ఒకే అర్థం వస్తే అది మామూలు మాట, వేరువేరుగా వస్తే మన వేటలో పడ్డ మాట. తర్వాత ఇంగ్లిష్‌లో ఏ అలంకారం వచ్చినా ఇదే పేజీలోకి వస్తుంది, కాబట్టి ఈ అలవాటు బాగా కుదిరేదాకా తొందరపడకండి. చిన్నపిల్లలైతే "అన్నది" వైపు బొమ్మ వేయించండి. కడుపులో పరిగెత్తే ఎలుకల బొమ్మ వేసిన పిల్లవాడు ఆ తేడాను మరిచిపోడు.

రెండో మెట్టు: మాటల చుట్టరికాలు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

జాతులతో మొదలుపెట్టండి. "స్పూన్, హ్యామర్, పెన్సిల్, రివర్" అని నాలుగు మాటలిచ్చి ఏది వేరు అని అడగండి. "రివర్, మిగతావి చేత్తో పట్టుకునేవి" అంటారు. అక్కడితో ఆపకుండా "పెన్సిల్ వేరు అనడానికి కారణం చెప్పగలవా?" అనండి. "రాయడానికి పనికొచ్చేది అదొక్కటే" అని వస్తుంది. జవాబు కంటే కారణం చెప్పడం ముఖ్యమని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. రేపు మెటఫర్‌లో వాళ్ళు చేయాల్సింది కూడా ఇదే: రెండు వేరువేరు వస్తువుల మధ్య ఏ గుణం కలిసిందో చెప్పడం.

వ్యతిరేక పదాల దగ్గర ఒక జాగ్రత్త. కొత్త మాటల్ని జంటగా ఒకేరోజు నేర్పకండి. "షాలో", "డీప్" రెండూ కొత్తవైతే రెండూ ఒకేసారి బుర్రలో పడి, ఏది ఏదో తెలియక కలగాపులగం అవుతాయి. దగ్గరి అర్థాలున్న కొత్త మాటల్ని గుత్తిగా నేర్పితే నేర్చుకోవడం నెమ్మదిస్తుందని 1993లో టింకమ్, 1997లో వారింగ్ అనే భాషా పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో తేలింది. ముందు "డీప్" కుదరనివ్వండి. అది నోట్లో ఆడుతున్నాక "షాలో" తీసుకురండి. అప్పటికే తెలిసిన మాటలైతే జంటలు కట్టడం మంచి ఆటే.

వ్యతిరేకాలన్నీ ఒక రకం కావని కూడా చూపించండి. "హాట్", "కోల్డ్" మధ్య "వార్మ్", "కూల్" ఉన్నాయి. "అలైవ్", "డెడ్" మధ్య ఏమీ లేదు. "బై", "సెల్" మాత్రం ఒకే పనిని అటు నుంచీ ఇటు నుంచీ చూడటం: ఒకరు కొంటేనే ఇంకొకరు అమ్మినట్టు.

సమానార్థకాల దగ్గర అసలు చిక్కు వస్తుంది. "బిగ్ అంటే లార్జ్" అని నేర్పేస్తాం. మరి "బిగ్ సిస్టర్" అంటే అక్క, "లార్జ్ సిస్టర్" అంటే ఎవరు? "టాల్ బాయ్" అంటాం, "హై బాయ్" అనం. తెలుగులో రెంటికీ ఎత్తే కాబట్టి మన పిల్లలు ఇక్కడ తప్పకుండా తడబడతారు. మనకు "చూడు" ఒక్కటే, ఇంగ్లిష్‌లో "సీ", "లుక్", "వాచ్" మూడు. కంట పడితే "సీ", కావాలని కళ్ళు తిప్పితే "లుక్", కదిలేదాన్ని కాసేపు చూస్తూ ఉంటే "వాచ్". "విను"కు "హియర్", "లిజన్" కూడా అంతే. ఇవి జాబితాలో కుదరవు. పిల్లవాణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టి "లుక్ అవుట్‌సైడ్. వాట్ డు యూ సీ? నౌ వాచ్ దట్ బర్డ్" అని మూడూ చేయించండి. 1957లో జె.ఆర్. ఫిర్త్ అనే బ్రిటిష్ భాషావేత్త అన్న మాట టీచర్లకు ఇప్పటికీ దారి చూపుతుంది: ఒక మాట ఎలాంటిదో దాని సహవాసాన్ని బట్టి తెలుసుకోవాలి. అందుకే "రెయిన్" ఒక్కటే రాయించకుండా "హెవీ రెయిన్" అని, "మిస్టేక్" బదులు "మేక్ ఎ మిస్టేక్" అని జంటగా రాయించండి.

తర్వాత మాటల నిచ్చెన. చీటీల మీద "విస్పర్, మర్మర్, టాక్, షౌట్, స్క్రీమ్" రాసి తక్కువ గొంతు నుంచి ఎక్కువ గొంతుకు వరుసగా పెట్టమనండి. ఒక్కో మెట్టు దగ్గర ఆ గొంతుతోనే మాట్లాడమనండి. "విస్పర్" కింద, "మర్మర్" పైనా, లేక తిరగేసా అని పిల్లలు వాదించుకుంటే వాదించుకోనివ్వండి, ఆ వాదనలోనే మాటల అర్థాలు తేటపడతాయి. "కోపం" నిచ్చెన, "భయం" నిచ్చెన, "సంతోషం" నిచ్చెన కట్టించండి. "అనాయ్డ్, యాంగ్రీ, ఫ్యూరియస్" అని నిచ్చెన కట్టిన పిల్లలు ఆ తర్వాత రాసే కథలో "వెరీ వెరీ యాంగ్రీ" రాయరు.

నిచ్చెన అయ్యాక త్రాసు. అర్థం దాదాపు ఒకటే అయినా ఒక మాట మెచ్చుకుంటుంది, ఇంకోటి చిన్నబుచ్చుతుంది. "స్లెండర్", "స్కిన్నీ" రెండూ సన్నగా ఉన్నవాళ్ళ గురించే. "క్యూరియస్" మెప్పు, "నోజీ" దెప్పు. "డిటర్మిన్డ్" అంటే పట్టుదల, "స్టబర్న్" అంటే మొండితనం. "చైల్డ్‌లైక్", "చైల్డిష్" జంటను తప్పకుండా చెప్పండి. పెద్దవాళ్ళలో పసితనపు నిర్మలత్వం ఉంటే మొదటిది, బుద్ధి ఎదగనట్టు ప్రవర్తిస్తే రెండోది. "నీ స్నేహితుడికి ఏ మాట వాడతావు? ఎందుకు?" అని అడిగితే చాలు, పిల్లలు ఆ బరువును వెంటనే తూచగలరు.

మూడో మెట్టు: అనాలజీలు

రెండు జంటల్లో ఒకే చుట్టరికాన్ని చూడటమే అనాలజీ. దీనికి ఎక్కువసేపు అక్కర్లేదు. "పప్పీకి డాగ్ ఎలాగో, కిట్టెన్‌కు ఏది అలాగ?" అన్న రకం ప్రశ్నల్లో పిల్లలు ఊహించి జవాబు చెప్పేస్తారు. ఊహించనివ్వకండి. ముందు మొదటి జంటను ఒక వాక్యంలో కలపమనండి: "ఎ పప్పీ ఈజ్ ఎ యంగ్ డాగ్." అదే వాక్యంలో రెండో జంటను పెట్టి చూడమనండి. భాగం, మొత్తం ("వీల్, కార్"), కారణం, ఫలితం ("స్పార్క్, ఫైర్"), పనిముట్టు, పని ("సిజర్స్, కట్") అన్నీ ఈ పద్ధతికే లొంగుతాయి. వాక్యం చెప్పలేకపోతే చుట్టరికం తెలియలేదన్నమాట, జవాబు కరెక్టయినా సరే.

నాలుగో మెట్టు: సిమిలీ

ఇక్కడ తెలుగు వ్యాకరణం మనకు ఇచ్చిన పనిముట్టు ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించదు. ఉపమాలంకారానికి నాలుగు భాగాలు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. "హర్ హ్యాండ్స్ వర్ యాజ్ కోల్డ్ యాజ్ ఐస్" తీసుకోండి. చేతులు ఉపమేయం, ఐస్ ఉపమానం, చల్లదనం సమానధర్మం, "యాజ్... యాజ్" ఉపమావాచకం. చిన్నవాళ్ళకు ఈ పేర్లు వద్దు. "దేన్ని? దేనితో? ఏ గుణంలో?" అన్న మూడు ప్రశ్నలు చాలు.

"యాజ్ కోల్డ్ యాజ్ ఐస్"లో గుణం పైకే కనిపిస్తుంది. "హి స్విమ్స్ లైక్ ఎ ఫిష్"లో దాక్కుని ఉంది, పిల్లలే వెతకాలి. కాబట్టి "యాజ్" రకం ముందు, "లైక్" రకం తర్వాత నేర్పండి. ఇంకో ప్రశ్న కూడా జోడించండి: ఏ గుణం కలవలేదు? చేపకు పొలుసులున్నాయి, నీళ్ళ బయట బతకదు. అవేవీ ఇక్కడ లెక్కలోకి రావు. ఏ గుణాన్ని తీసుకోవాలో, దేన్ని వదిలేయాలో తెలియడమే పోలికను అర్థం చేసుకోవడం.

కొన్ని పోలికలు ఇంగ్లిష్‌లో అచ్చుపోసినట్టు ఉంటాయి: "యాజ్ బిజీ యాజ్ ఎ బీ", "యాజ్ లైట్ యాజ్ ఎ ఫెదర్", "యాజ్ వైజ్ యాజ్ యాన్ ఔల్". చివరిదాని దగ్గర పిల్లలు ఆగిపోతారు, గుడ్లగూబకు తెలివేంటని. ఆ భాషలో అది తెలివికి గుర్తు అని చెప్పి ముందుకెళ్ళండి. అచ్చు పోలికలు చదివినప్పుడు అర్థమైతే చాలు. రాసేటప్పుడు సొంత పోలికలే రాయమనండి. "యాజ్ క్వైట్ యాజ్..." అని మొదలుపెట్టి "మౌస్" తప్ప ఇంకేదైనా చెప్పమంటే పిల్లలు అద్భుతాలు చెబుతారు. "యాజ్ క్వైట్ యాజ్ యాన్ ఎంప్టీ స్కూల్" లాంటిది వస్తే దాన్ని గోడమీద అంటించండి. విచిత్రమైన పోలిక వచ్చినా తప్పు అనకండి. "ఏ గుణంలో?" అని అడగండి. గుణం చెప్పగలిగితే అది ఒప్పే.

ఐదో మెట్టు: మెటఫర్

సిమిలీ కుదిరిన పిల్లలకు మెటఫర్ ఒక్క అడుగు దూరం. "ద క్లాస్‌రూమ్ వాజ్ లైక్ ఎ జూ" లోంచి "లైక్" తీసేసి చదివించండి. "ఏది గట్టిగా తగిలింది?" అని అడగండి. రూపకంలో ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేనట్టు చెబుతాం కదా, ఆ బలమంతా అక్కడిదే. ఈ రెండు భాగాలకే 1936లో ఐ.ఎ. రిచర్డ్స్ అనే సాహిత్య విమర్శకుడు ఇంగ్లిష్‌లో "టెనర్", "వెహికిల్" అని పేర్లు పెట్టారు. పెద్ద తరగతుల పిల్లలకు ఈ పేర్లు ఎక్కడైనా ఎదురైతే ఉపమేయం, ఉపమానం అని చెబితే సరిపోతుంది.

అసలు ఆసక్తికరమైన మెటఫర్లు కనిపించకుండా ఉంటాయి. 1980లో భాషావేత్త జార్జ్ లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ చూపించింది ఇదే: మనం రోజూ మాట్లాడే భాష నిండా రూపకాలే. కాలాన్ని డబ్బులా చూస్తాం: "స్పెండ్ టైమ్", "సేవ్ టైమ్", "వేస్ట్ టైమ్". కోపాన్ని వేడిలా చూస్తాం: "హాట్ టెంపర్", "బాయిలింగ్ విత్ యాంగర్", "కూల్ డౌన్". తెలుగులో కూడా అచ్చం అంతే. మండిపడతాం, రక్తం మరుగుతుంది, ఆ తర్వాత చల్లబడతాం. పిల్లల చేత "కోపం వేడి" అని పైన రాయించి రెండు భాషల మాటల్నీ కింద పోగు చేయించండి. సంతోషం పైకి, విచారం కిందికి అన్నది ఇంకో పోగు: "చీర్ అప్", "ఫీలింగ్ డౌన్". హార్ట్ ఎందుకు "శాంక్" అయిందో ఈ పోగు చేసిన పిల్లలు మీరు చెప్పకముందే చెబుతారు. వెనకున్న రూపకాన్ని బట్టి ఇలా గుంపులుగా నేర్చుకున్నవాళ్ళకు మాటలు బాగా గుర్తుంటాయని భాషా పరిశోధకుడు ఫ్రాంక్ బూర్స్ 2000లో ప్రచురించిన ప్రయోగాలు చెబుతున్నాయి. అక్షర క్రమంలో వేసిన జాబితా ఈ పని చేయలేదు.

ఆరో మెట్టు: మిగతా అలంకారాలు

పర్సానిఫికేషన్‌కు ఒకటే ప్రశ్న: ఈ పని మామూలుగా ఎవరు చేస్తారు? "ద సన్ పీక్డ్ త్రూ ద క్లౌడ్స్"లో తొంగిచూడటం మనుషుల పని. ఎందుకు తొంగిచూసింది, ఎందుకు "షోన్" అనలేదు అని అడిగితే రెండో మెట్టులో నేర్చుకున్న నిచ్చెన పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది: "లుక్, పీక్, స్టేర్" నిచ్చెన కట్టించండి. హైపర్‌బలీ అతిశయోక్తే, "ఐ హ్యావ్ టోల్డ్ యూ ఎ మిలియన్ టైమ్స్" ఒక్కటి చెబితే పిల్లలు పది తెస్తారు. ధ్వన్యనుకరణకు మన భాషలో గలగల, జలజల, కిచకిచ కొల్లలుగా ఉన్నాయి. "బజ్, హిస్, స్ప్లాష్, స్లామ్" గట్టిగా పలికించండి, అర్థం చెప్పే పని కూడా ఉండదు.

ఏడో మెట్టు: జాతీయాలు

జాతీయాల్ని మూడు పోగులుగా నేర్పండి. మొదటి పోగులో బొమ్మా అర్థమూ రెండు భాషల్లోనూ ఒకటే: "వాల్స్ హ్యావ్ ఇయర్స్" అంటే గోడలకు చెవులుంటాయి, "క్రొకడైల్ టియర్స్" అంటే మొసలి కన్నీళ్ళు, "స్ప్లిట్ యువర్ సైడ్స్ లాఫింగ్" దాదాపుగా కడుపు చెక్కలయ్యేలా నవ్వడం. ఇవి ముందు నేర్పితే ధైర్యం వస్తుంది.

రెండో పోగులో అర్థం ఒకటే, బొమ్మ వేరు. మనం "ఏ పున్నానికో అమావాస్యకో" అంటాం, వాళ్ళు "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అంటారు. మనకు కుండపోత వాన, వాళ్ళకు "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్". ఈ జాతీయం ఎలా పుట్టిందో చెప్పే కథలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. దాని పుట్టుక గురించి కచ్చితమైన ఆధారం ఏదీ లేదు, కాబట్టి గడ్డి కప్పుల మీంచి కుక్కలు, పిల్లులు జారిపడ్డాయన్న కథను నిజమని పిల్లలకు చెప్పకండి.

మూడో పోగు ప్రమాదకరం: బొమ్మ ఒకటే, అర్థం వేరు. "వాడు చెయ్యిచ్చాడు" అంటే మనకు మోసం చేశాడని. "హి గేవ్ మీ ఎ హ్యాండ్" అంటే సాయం చేశాడని. "నోరు పెద్దది" అంటే మనకు గట్టిగా పోట్లాడే మనిషి, "షి హ్యాజ్ ఎ బిగ్ మౌత్" అంటే రహస్యం దాచలేని మనిషి. తెలుగు నుంచి మొదలుపెట్టడం చాలా చోట్ల పనికొస్తుంది, ఇక్కడ మాత్రం దెబ్బతీస్తుంది. అందుకే ఈ పోగును విడిగా, ఎర్ర సిరాతో రాయించండి.

వారానికి రెండు మూడు జాతీయాలు చాలు. ఒక్కోదాన్నీ చిన్న కథలోనో సంభాషణలోనో పెట్టి, అర్థం చెప్పకుండా ఊహించమనండి. "రవి టోల్డ్ ఎవ్రీవన్ అబౌట్ ద సర్‌ప్రైజ్ పార్టీ. హూ ఆస్క్డ్ హిమ్ టు స్పిల్ ద బీన్స్?" అంటే రహస్యం బయటపెట్టడమని ముందు వాక్యమే చెప్పేస్తోంది. తర్వాత రెండు సంగతులు చెప్పండి. జాతీయంలో మాటలు మార్చకూడదు, "రెయినింగ్ డాగ్స్ అండ్ క్యాట్స్" అంటే వినేవాళ్ళకు తేడాగా ఉంటుంది. ఎక్కడ వాడకూడదో కూడా తెలియాలి. "కిక్ ద బకెట్" అంటే చనిపోవడమే, కానీ అది తేలిక మాట, బాధలో ఉన్నవాళ్ళ ముందు అనకూడదు.

ఎనిమిదో మెట్టు: వచ్చిందో లేదో చూడటం

"ఇది ఏ ఫిగర్ ఆఫ్ స్పీచ్?" అన్న ప్రశ్నకు సరైన జవాబు వచ్చినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. ఒకే మాట రెండు చోట్ల ఇచ్చి చూడండి: "హి బ్రోక్ ద ఐస్ విత్ ఎ హ్యామర్", "హి బ్రోక్ ద ఐస్ విత్ ఎ జోక్". రెంటికీ బొమ్మలు వేయమంటే మీకు కావలసిన జవాబు దొరుకుతుంది. ఇంకో పరీక్ష: అలంకారం ఉన్న వాక్యాన్ని సాదా మాటల్లో తిరగరాయించి, "ఏం పోయింది?" అని అడగండి. "ఏమీ పోలేదు" అని కారణంతో చెబితే అది కూడా మంచి జవాబే, కొన్నిసార్లు పోలిక నిజంగానే అనవసరం. ఒకే పేరాలో నాలుగు సిమిలీలు కుక్కిన పిల్లవాడికి ఈ ప్రశ్న బాగా పనికొస్తుంది.

కొందరు పిల్లలు ఎంత చెప్పినా మాటను ఉన్నదున్నట్టుగానే తీసుకుంటారు. ఏడెనిమిదేళ్ళ లోపు అది మామూలే. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఇది ఎక్కువ కాలం ఉంటుంది. వాళ్ళను శ్రద్ధ లేదని కోప్పడకండి, ఊహించమని ఒత్తిడి పెట్టకండి. అన్నది, అనుకున్నది రెండూ మీరే సూటిగా చెప్పి, ఒక్కో జాతీయాన్ని బొమ్మతో విడిగా నేర్పండి. టెన్షన్ లేకుండా నేర్చుకుంటారు.

నేర్పిన ప్రతి మాటనూ మర్నాడు, వారం తర్వాత, నెల తర్వాత మళ్ళీ తిప్పండి. అందుకు పరీక్ష పెట్టక్కర్లేదు. మీరే సందర్భం చూసి మాటల్లో వాడేయండి. వాన పడుతుంటే ఆ జాతీయం, తమ్ముడు నీళ్ళల్లో ఈదుతుంటే ఆ సిమిలీ. పిల్లలు చదివే కథలో పాత మాట కనిపిస్తే పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, ఆ పేజీ నంబరును నోట్‌బుక్‌లో దాని పక్కన రాసుకోమనండి. ఏ మాట పక్కన నంబర్లు పెరుగుతున్నాయో, ఏది ఖాళీగా ఉందో చూస్తే వచ్చే వారం దేన్ని మళ్ళీ తీసుకురావాలో మీకు తెలిసిపోతుంది.